రసాయనం వెయ్యలేదు కదా అని ధీమా వద్దు: బూజు పట్టిన కొబ్బరితో జాగ్రత్త

పైన వీడియోలో చూశారు కదా, మూడు బస్తాల ఎండు కొబ్బరి గోతిలో పోసి పూడ్చేస్తున్నాం. "అంత సరుకు ఎందుకు పారేశారు?" అని చాలామంది అడిగారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

మాది కోనసీమలో నగరం. తోటకి పదేళ్లుగా పురుగుమందు, ఎరువు ఏదీ వెయ్యలేదు, జీవామృతమే. ఆ కాయతోనే చెక్క గానుగ నూనె తీసి అమ్ముతున్నాను. మొన్న వానల్లో ఐదు రోజులు ఎండ లేదు. టార్పాలిన్ కింద చెక్కలకి ఆకుపచ్చ, పసుపు కలిసిన బూజు వచ్చేసింది. మా బాబాయ్ చూసి, "ఒరేయ్ అబ్బాయ్, తుడిచి ఓ ఎండ కొట్టించు. నూనెలో ఏం కనబడుద్ది?" అన్నాడు. నిజమే, కనబడదు. అసలు సమస్య అదే.

ఆ రంగు బూజుల్లో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం ఒకటి. అది అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. వేరుశనగ, మొక్కజొన్న, మిరప, కొబ్బరి దేనికైనా పట్టొచ్చు. బూజు తుడిస్తే పోయేది పైపొర మాత్రమే. విషం లోపలే ఉంటుంది, ఎండకీ మామూలు వంట వేడికీ పూర్తిగా పోదు.

ఒంట్లోకి వెళ్లాక ఏం చేస్తుంది? మన కాలేయం ఏ విషాన్నైనా మార్చి బయటికి పంపాలని చూస్తుంది. అఫ్లటాక్సిన్ బి1 దగ్గర ఆ పనే తిరగబడుతుంది. కాలేయంలోని ఎంజైములు దానికి ఒక ఆక్సిజన్ తగిలిస్తాయి. రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసి మూడు మూలల ఉంగరం అవుతుంది. దాన్నే ఎపాక్సైడ్ అంటారు. బలవంతంగా వంచి కట్టిన వెదురు బద్ద లాంటిది అది. కట్టు తెగిందంటే పక్కనున్న దాన్ని కొడుతుంది. ఆ పక్కనున్నది డీఎన్ఏ అయితే, అందులోని గ్వానిన్ అనే అక్షరానికి అతుక్కుపోతుంది. కణం రెండుగా చీలేటప్పుడు డీఎన్ఏకి నకలు తీస్తుంది కదా, అక్కడ జీ అక్షరం ఉండాల్సిన చోట టీ పడుతుంది. ఆ తప్పు తర్వాతి కణాలన్నిటికీ వెళ్తుంది.

ఆ తప్పు పీ53 అనే కాపలా జన్యువులో పడితే కణం అదుపు తప్పుతుంది. చైనాలో, దక్షిణ ఆఫ్రికాలో కాలేయ క్యాన్సర్ రోగుల్లో ఆ జన్యువులో 249వ స్థానంలో సరిగ్గా ఇదే మార్పు కనపడినట్టు 1991లో బయటపెట్టారు. ఒంట్లో గ్లూటాథయోన్ ఈ ఎపాక్సైడ్‌ని చాలావరకు పట్టి బయటికి పంపుతుంది. కానీ రోజూ కొంచెం కొంచెం తింటుంటే ఎంతకాలం ఆపుతుంది? హెపటైటిస్-బి ఉన్నవాళ్లకి ముప్పు ఇంకా ఎక్కువ.

ఒకేసారి ఎక్కువ తింటే ప్రాణాలే పోతాయి. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో వానకి తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడ్డారు, 106 మంది చనిపోయారు. కారణం అఫ్లటాక్సిన్ అని పరిశోధించి చెప్పింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లే.

ఇంకో ఎపాక్సైడ్ గురించి కూడా చెప్పాలి. సరుకులో క్రిములు చావడానికి పట్టించే ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు. దానికి కాలేయం సాయం కూడా అక్కర్లేదు, పుట్టుకతోనే ఎపాక్సైడ్. 2020లో మన దేశం నువ్వుల్లో అది దొరికిందని యూరప్‌లో సరుకు వెనక్కి తీయించారు, ఆర్గానిక్ లేబుల్ ఉన్నవాటితో సహా. ఆ వాయువుకి మనం దూరంగా ఉంటాం, సంతోషం. మరి బూజు తయారుచేసేది కూడా అదే జాతి దెబ్బ కదా!

రిఫైనరీల్లో క్షారంతో శుద్ధి చేసేటప్పుడు ఈ విషం చాలావరకు పోతుంది. మన గానుగలో ఆ మెట్టు లేదు. కాబట్టి ముడిసరుకు ఏరడమే మనకున్న ఒకే ఒక్క జల్లెడ. గానుగ పిండిలో ఇంకా ఎక్కువ మిగులుతుంది. అది ఆవుకి పెడితే ఒకటి రెండు రోజుల్లో పాలల్లోకి అఫ్లటాక్సిన్ ఎం1గా వస్తుంది.

ఇప్పుడు నేను పాటిస్తున్నవి ఇవీ:

- కాయ పగలగొట్టిన రోజే ఆరబెట్టడం మొదలుపెట్టాలి. వాన సూచన ఉంటే అసలు పగలగొట్టొద్దు.
- నేల మీద వెయ్యొద్దు, ఈ శిలీంధ్రం మట్టిలోనే ఉంటుంది. ఎత్తైన బల్లల మీద వెయ్యాలి.
- తేమ 6-7 శాతానికి దిగాకే బస్తా కట్టాలి. ఇరవై చెక్కలు తీసి విరిచి చూడండి, పుటుక్కున విరగాలి.
- ముసురు రోజుల్లో డ్రయ్యర్ వాడండి, చిప్పల పొగ నేరుగా తగలనివ్వొద్దు. పొగలోని బెంజోపైరీన్ కూడా ఒంట్లో ఎపాక్సైడ్‌గానే మారుతుంది.
- బూజు చెక్కలు పశువులకీ కోళ్లకీ పెట్టొద్దు.
- బూజు కనపడకపోయినా విషం ఉండొచ్చు. అందుకే అప్పుడప్పుడు నూనె, పిండి ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

గొయ్యి పూడ్చాక బాబాయ్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి, "మనవరాలికి కూడా ఈ నూనే కదరా రాసేది, వండేది" అన్నాడు. అంతేనండి. మన ఇంట్లో పిల్లకి పెట్టలేనిది సీసాలో పోసి అమ్మకూడదు. మీ ఊళ్లో ముసురు రోజుల్లో కొబ్బరి ఎలా ఆరబెడుతున్నారో రాయండి, బాగున్న పద్ధతిని వచ్చే వీడియోలో చేసి చూపిస్తాను.