క్లాప్ కొట్టడం కూడా ఒక పనేనా?

పోయిన వేసవి సెలవుల్లో బాబాయి స్నేహితుడొకాయన తీస్తున్న చిన్న సినిమాకి పదిరోజులు పనిచేశాను. లొకేషన్ కోనసీమలో ఓ పాత మండువా ఇల్లు. "ఏం పని చేశావురా?" అని హాస్టల్లో అడిగితే "క్లాప్ కొట్టాను" అన్నా. ఒకటే నవ్వు. నేనూ మొదటిరోజు పొద్దుటి దాకా అలాగే అనుకున్నాను కాబట్టి వాళ్ళనేమీ అనలేను.

సంగతేంటంటే, కెమెరాలోకి బొమ్మ వెళ్తుంది, మంచి శబ్దం మాత్రం వేరే రికార్డర్లోకి వెళ్తుంది. చాలా తెలుగు సినిమాలకి మాటలు తర్వాత డబ్బింగ్‌లో చెప్పిస్తారు. మాది సింక్ సౌండ్, అంటే సెట్లో పలికిన మాటే తెరమీదా వినిపించాలి. చెక్క రెండూ తాకిన ఫ్రేము ఎక్కడుందో బొమ్మలో వెతుకుతారు, "టక్" మన్న చోటు వేవ్‌ఫామ్‌లో వెతుకుతారు, రెంటినీ ఒకచోటికి జరుపుతారు. అంతే. సెకనుకి 24 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేముకి దాదాపు 42 మిల్లీసెకన్లు. ఆ కాసేపట్లో ధ్వని సుమారు 14 మీటర్లు పోతుంది. మైకు అంత దూరంలో ఉంటే ఒక ఫ్రేము తేడా వచ్చేసినట్టే! (ఫిజిక్స్ క్లాసులో ఈ లెక్క ఇచ్చుంటే నిద్రపోయేవాణ్ణి కాదు.) రెండు పరికరాల్నీ ఒకే టైమ్‌కోడ్‌తో నడిపే పెట్టెలు దొరుకుతాయి గానీ మా బడ్జెట్‌కి నేనే టైమ్‌కోడ్.

బోర్డు మీద సీన్, షాట్, టేక్ నంబర్లు రాసి పైకి చదవాలి కూడా. రాసింది బొమ్మ కోసం, చదివింది శబ్దం కోసం.

మూడోరోజు క్లోజప్. చనిపోయిన కూతురి పెట్టె దగ్గర కూర్చుని ఓ పెద్దావిడ అనాలి: "మా అమ్మాయి పెట్టె ముట్టుకోకండి బాబూ." ఆ నటి అరగంట నుంచీ ఎవరితోనూ మాట్లాడకుండా అలాగే కూర్చున్నారు. "సౌండ్?" "రోలింగ్." "కెమెరా?" "రోలింగ్." నేను హుషారుగా ఆవిడ ముఖానికి జానెడు దూరంలో ఠప్పున కొట్టాను. ఆవిడ ఉలిక్కిపడ్డారు. కళ్ళలో నీళ్ళు ఇంకిపోయాయి. తిట్టుంటే బాగుండేది, ఒక్క మాటా అనలేదు.

కో-డైరెక్టర్ పక్కకి లాగి చెప్పాడు: "ఏడుపు సీన్లలో మెల్లగా తాకించాలి, లేదా ఎండ్ క్లాప్." ఎండ్ క్లాప్ అంటే నటన అయ్యాక, కెమెరా ఆపక ముందు, బోర్డు తలకిందులుగా పట్టి కొట్టడం. తలకిందులుగా ఉంటే ఇది షాటు చివరిదని ఎడిటర్‌కి తెలుస్తుంది.

రెండో టేక్‌లో ఆవిడ ఎలా చేశారంటే లైట్‌మేన్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకుంటున్నాను. "ఎండ్ క్లాప్!" అని అరవాల్సింది నేనే, అరవలేదు. డైరెక్టర్ మెల్లగా "కట్" అన్నారు, కెమెరా ఆగిపోయింది. మండువాలోంచి పడే ఎండ అప్పటికే గోడెక్కేసింది. మళ్ళీ తీయడానికి లేదు. కెమెరాలో ఉండే చిన్న మైకు శబ్దంతో పోల్చి సాఫ్ట్‌వేరే కలిపెయ్యొచ్చు కదా అంటారేమో, మా అద్దె కెమెరాలో అది పనిచేయడం లేదు.

ఆ రాత్రి ఎడిటర్ పక్కన కూర్చున్నాను, అన్నం సహించక. ఆయన కంగారు పడలేదు. "డైలాగ్‌లో పెదాలు మూసే అక్షరం ఏముందో చూడు" అన్నారు. ప, ఫ, బ, భ, మ. ఎనిమిదో తరగతి తెలుగు క్లాసులో బట్టీపట్టిన ఓష్ఠ్యాలు! "పెట్టె" అనేముందు పెదాలు మూసుకుంటాయి, శబ్దం క్షణం ఆగుతుంది, విడిపోగానే వేవ్‌ఫామ్‌లో ఓ చిన్న ముల్లు లేస్తుంది. నోటితో కొట్టిన క్లాప్ అన్నమాట. ఆ ఫ్రేము దగ్గర ముల్లు పెట్టాం. సరిపోయిందో లేదో "బాబూ" దగ్గర చూశాం. ఒక ఫ్రేము ముందుంది. జరిపాం. కుదిరింది. మా రచయిత నిరోష్ఠ్య కావ్యాల అభిమాని అయ్యుంటే నా గతి ఏమయ్యేదో!

మర్నాడు పొద్దున్నే ఆ పెద్దావిడ నన్ను చూసి అడిగారు: "ఏం బాబూ, ఇవాళ ముందా, వెనకా?"

"వెనకేనమ్మా" అన్నాను. అరచేతి మీద పెన్నుతో "ఎండ్ క్లాప్ – అరువు" అని అప్పటికే రాసుకున్నా.