పటం నుంచి సొంత కథకు
బొమ్మల వరుసలో కథ చెప్పే కామిక్స్ మనకు పరాయి విద్య కాదు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు ఖాదీ గుడ్డకు చింతగింజల గంజి, సుద్దమట్టి పట్టించి, ఎర్రని నేపథ్యం మీద కులపురాణాలు గీశారు. పటం విప్పుతుంటే దృశ్యాలు పట్టీలుగా ఒకదాని కింద ఒకటి వస్తాయి. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, డక్కలివారు మాదిగలకు జాంబపురాణం పాడేది వీటిని చూపిస్తూనే.

అది కులం కథే తప్ప వ్యక్తి కథ కాదు కదా అనవచ్చు. నిజమే. పటంలో గీసేవారు ఒకరు, పాడేవారు మరొకరు. కామిక్స్‌లో ఆ ఇద్దరూ ఒక్కరే కావచ్చు. నా దృష్టిలో సొంత కథకు దారి తెరిచింది ఈ మార్పే. ఇరాన్‌లో గడిచిన తన బాల్యాన్ని మర్జానె సత్రపి 'పెర్సెపొలిస్'లో నలుపు తెలుపుల్లో, ఎంతో సాదా గీతలతో చెప్పింది. చెయ్యి తిరిగిన చిత్రకారులకే ఇది సాధ్యమన్న మాటకు ఆ గీతలే జవాబు. పాత శైలి కొత్త జీవితాన్ని మోయలేదనే వారు 2011లో వచ్చిన 'భీమాయన' చూడాలి. గోండు కళాకారులు దుర్గాబాయి, సుభాష్ వ్యామ్ చదరపు గళ్లు వదిలేసి, తమ గోడలమీది ముగ్గుగీతలతోనే అంబేద్కర్ జీవితాన్ని పేజీల్లో పరిచారు. భూపాలపల్లి బొగ్గు గని కార్మికుడి షిఫ్టు, మహబూబాబాద్ తండాలో మిరప ఏరే తల్లి రోజు కూడా ఇలాగే పేజీకెక్కాలి, వాళ్ల పిల్లల చేతులతోనే.