ఎవరని అడగకుండానే భోజనం

శాన్‌ఫ్రాన్సిస్కో చూడబోయిన మనవాళ్లు యూనియన్ స్క్వేర్ దుకాణాల దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు. అక్కడికి కాస్త దూరంలోనే టెండర్‌లాయిన్ మొదలవుతుంది. ఇరుకు లాడ్జీ గదులు, ఫుట్‌పాత్ మీద డేరాలు, పట్టపగలే మత్తుమందులు. ఎల్లిస్, టేలర్ వీధులు కలిసేచోట ఉన్న గ్లైడ్ మెమోరియల్ చర్చి ముందు భోజనం కోసం జనం వరస కడతారు. నీది ఏ మతం, పని ఎందుకు చెయ్యవు అని ఎవరూ ఆరా తియ్యరు. పెట్టే చెయ్యి పుచ్చుకునేవాణ్ని నిలదీయకపోవడమే ఆ చర్చి గొప్పతనం.

చమురు డబ్బు కలిసొచ్చిన లిజ్జీ గ్లైడ్ అనే భక్తురాలు 1929లో పెట్టిన సంస్థ ఇది. 1963లో సెసిల్ విలియమ్స్ పాస్టరుగా వచ్చేసరికి ఆదివారం ప్రార్థనకు పట్టుమని నలభై మంది కూడా లేరు. టెక్సస్‌లో నల్లవాళ్లను వేరుపెట్టిన రోజుల్లో పెరిగిన మనిషాయన. ఇల్లొదిలి వచ్చిన కుర్రాళ్లకు, స్వలింగ సంపర్కులకు, ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లకు తలుపులు తెరిచాడు. 1967లో ఏకంగా గుడిలోని సిలువనే తీయించాడు. బతికున్న మనుషులే చర్చికి గుర్తు కావాలన్నది ఆయన వాదన. ఆ పనికి ఎంత గుండెధైర్యం కావాలో చర్చి కట్టుబాట్లు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఆయన భార్య జానిస్ మిరికిటాని కవయిత్రి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జపనీస్ అమెరికన్లను నిర్బంధించిన శిబిరంలో పసితనం గడిపింది. గ్లైడ్ సేవలను దశాబ్దాల పాటు ఆయనతో కలిసి నిర్మించింది ఆమే.

ఒక పూట కడుపు నింపితే మర్నాడు మళ్లీ ఆకలే. అందుకే ఇక్కడ భోజనం మొదటి మెట్టు మాత్రమే. తినడానికి వచ్చిన మనిషికి హెచ్ఐవీ పరీక్ష, మత్తు మాన్పించే సాయం, షెల్టర్‌లో మంచం, పిల్లల సంరక్షణ కూడా ఆ చుట్టుపక్కలే దొరుకుతాయి. 1980లలో కొకైన్ ఆ పేటను కాల్చేస్తున్నప్పుడు ఈ పని మరీ అవసరమైంది. ఆ దశాబ్దం మొదట్లోనే పసివాడైన కొడుకుతో వీధిన పడ్డ క్రిస్ గార్డ్‌నర్‌ను ఆదుకున్నదీ గ్లైడే. అతని కథతో 2006లో వచ్చిన ‘ద పర్స్యూట్ ఆఫ్ హ్యాపీనెస్’ సినిమాలో విలియమ్స్ తన పాత్ర తానే వేశాడు.

మరి ఇంతమందికి పెట్టడానికి డబ్బెక్కడిది? వారెన్ బఫెట్ మొదటి భార్య సూసన్ ఇక్కడ సేవ చేసేది. ఆవిడ ద్వారా గ్లైడ్‌ను ఎరిగిన బఫెట్, తనతో భోంచేసే అవకాశాన్ని 2000 నుంచి వేలం వేయించాడు. 2022లో ఆ ఒక్క భోజనం 1.9 కోట్ల డాలర్లు పలికింది. అప్పటిదాకా ఈ వేలాల ద్వారా గ్లైడ్‌కు చేరిన మొత్తం 5.3 కోట్ల డాలర్ల పైమాటే. సంతోషమే, కానీ పేదల కంచం ఒక కోటీశ్వరుడి ఉదారత మీద అంతగా ఆధారపడటం కలవరపెట్టే సంగతి కూడా. పైగా కంచం నింపితే సరిపోదు; అద్దెలు ఆకాశాన్నంటిన నగరంలో ఇళ్లు కట్టించే బాధ్యతను ఏ చర్చీ ఒంటరిగా మోయలేదు.

పెత్తనం ఎవరిదన్న తగవు ముదిరి, 2020లో గ్లైడ్ అప్పటిదాకా తాను భాగంగా ఉన్న యునైటెడ్ మెథడిస్ట్ చర్చి నుంచి విడిపోయింది. మిరికిటాని 2021లో, విలియమ్స్ 2024లో కన్నుమూశారు. వాళ్లు పోయాక కూడా ఎల్లిస్ వీధిలో వంట ఆగలేదు.