గ్యాస్ కారు: లీటరు లెక్క కాదు, కిలోమీటరు లెక్క

చిత్తూరు, అనంతపురం, కర్నూలు ప్రాంతాల నుండి బెంగళూరు వచ్చి, కారునే జీవనాధారంగా చేసుకున్న కుటుంబాలు అనేకం. పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా ఆ ఇండ్లలో ఒక ప్రశ్న తలెత్తుతుంది: కారుకు గ్యాస్ కిట్ బిగించుకుంటే లాభమా, నష్టమా? నగరంలోని ఆటోలు ఎన్నో ఏండ్లుగా గ్యాస్‌తో నడుస్తున్నందున లాభమేనని కొందరు చెబుతారు. కిట్ పెట్టిన తరువాత మైలేజీ పడిపోయిందని మరికొందరు వాపోతారు. ఈ రెండు మాటలూ నిజమే. రెండింటినీ కలిపి చూచినప్పుడే సరైన సమాధానం దొరుకుతుంది.

మైలేజీ ఎందుకు తగ్గుతుంది?

వాహనాలకు వాడే ద్రవీకృత పెట్రోలియం వాయువును ఆటో ఎల్‌పీజీ అంటారు. ఇది ప్రధానంగా ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమం. ఒత్తిడికి లోనై ట్యాంకులో ద్రవరూపంలో ఉంటుంది. ఒక లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములు తూగగా, ఒక లీటరు ఆటో ఎల్‌పీజీ సుమారు 540 గ్రాములే తూగుతుంది. కిలోకు కిలో చూస్తే గ్యాస్‌లోనే శక్తి కొంత ఎక్కువ. కాని బంకులో దానిని అమ్మేది లీటర్లలో. లీటరుకు లీటరు పోల్చితే గ్యాస్‌లోని శక్తి దాదాపు నాలుగవ వంతు తక్కువ. కాబట్టి కిట్ ఎంత మేలైనదైనా, మెకానిక్ ఎంత నేర్పరియైనా, లీటరుకు వచ్చే కిలోమీటర్లు ఐదవ వంతు నుండి నాలుగవ వంతు వరకు తగ్గడం సహజం. అది యంత్రదోషం కాదు. అంతకు మించి తగ్గితే మాత్రం కిట్ అమరికను, స్పార్కు ప్లగ్గులను, ఎయిర్ ఫిల్టరును పరీక్ష చేయించవలసి ఉంటుంది.

సీఎన్‌జీని కిలోలలో అమ్ముతారు. అందువల్ల సీఎన్‌జీ కారు కిలోకు ఇచ్చే మైలేజీని ఎల్‌పీజీ కారు లీటరుకు ఇచ్చే మైలేజీతో పోల్చడం సరికాదు.

లాభనష్టాల లెక్క

చూడవలసినది లీటరు ధరను కాదు, కిలోమీటరుకు అయ్యే ఖర్చును. లెక్క సులభంగా ఉండేందుకు పెట్రోలు లీటరు 100 రూపాయలు, గ్యాస్ లీటరు 60 రూపాయలు అనుకుందాం. కారు పెట్రోలుతో లీటరుకు 15, గ్యాస్‌తో 12 కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. అప్పుడు కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు 6 రూపాయల 67 పైసలు, గ్యాస్ ఖర్చు 5 రూపాయలు. మిగిలేది 1 రూపాయి 67 పైసలు. ధరలు తరచు మారుతుంటాయి కనుక ఎవరి లెక్క వారు ఆనాటి ధరలతో వేసుకోవలెను. మైలేజీ ఐదవ వంతు తగ్గే కారుకు, గ్యాస్ ధర పెట్రోలు ధరలో 80 శాతం కంటే తక్కువగా ఉన్నంతవరకే ఇంధనంపై ఆదా ఉంటుంది. మైలేజీ నాలుగవ వంతు తగ్గితే ఆ హద్దు 75 శాతం.

ఇక కిట్ ఖర్చు. బిగింపుతో కలిపి 30,000 రూపాయలు అయిందనుకుంటే, పై లెక్క ప్రకారం ఆ సొమ్ము తిరిగి రావడానికి కారు సుమారు 18,000 కిలోమీటర్లు తిరగవలెను. నెలకు 2,500 కిలోమీటర్లు నడిచే ట్యాక్సీకి ఇది ఏడెనిమిది నెలల పని. నెలకు 500 కిలోమీటర్లు మాత్రమే తిరిగే ఇంటి కారుకు మూడేండ్లు పడుతుంది. కిట్ ఒకటే అయినా, ఒకరికి లాభం, మరొకరికి భారం కావడానికి కారణం ఇదే.

లెక్కలో మరచిపోయే మరొక ఖర్చు ఉంది. చాలా కిట్లలో ఇంజను మొదట పెట్రోలుతో నడిచి, వేడెక్కిన పిమ్మట గ్యాస్‌కు మారుతుంది. పాఠశాలకు, అంగడికి రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో ఆ పెట్రోలు వాటా ఎక్కువ. దానిని కలపకుండా గ్యాస్ మైలేజీ మాత్రమే చూస్తే లేని లాభం కనబడుతుంది. పెట్రోలు బంకులున్నన్ని చోట్ల ఆటో ఎల్‌పీజీ బంకులు ఉండవు. గ్యాస్ కోసం దూరం వెళ్లి రావడం కూడా ఖర్చే.

మైలేజీ కొలవదలచినవారు ట్యాంకు నింపించి, మీటరు అంకె రాసుకొని, మరల నింపించినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన దూరాన్ని భాగించవలెను. గ్యాస్ ట్యాంకు 80 శాతం వద్ద దానంతట అదే మూసుకుంటుంది. ఎండకు ద్రవం వ్యాకోచించడానికి మిగిలిన చోటు అవసరం. అంతకు మించి నింపమని బంకు సిబ్బందిని ఒత్తిడి చేయరాదు. ఒక్కసారి కొలత చాలదు; మూడు నాలుగుసార్లు కొలిచి సగటు తీయడం ఉచితం.

వంటగ్యాసు వాడితే?

ఖర్చు తగ్గుతుందనే ఆశతో కొందరు ఇంటి సిలిండరులోని గ్యాస్‌ను కారు ట్యాంకులోకి ఎక్కిస్తుంటారు. ఇది శిక్షార్హమైన నేరం. వాహనాలలో ఎల్‌పీజీ వినియోగాన్ని నియంత్రించే ఉత్తర్వు 2001 నుండి అమలులో ఉంది. చట్టం మాట అటుంచినా ప్రాణభయం చిన్నది కాదు. ఈ వాయువు గాలి కంటే బరువైనది. కారినప్పుడు పైకి పోక నేలమీద పరచుకొని, గుంటలలోను, భవనాల కింది పార్కింగులలోను నిలిచిపోతుంది. అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు. వాసన వస్తే ఇంజను స్టార్టు చేయకుండా, స్విచ్చులు ముట్టకుండా, వీలైతే ట్యాంకు వాల్వు మూసి, అందరినీ దూరంగా పంపి, అగ్నిమాపక దళానికి 101 లేదా 112 నంబరులో తెలియజేయవలెను.

పత్రాల విషయం

ఆమోదం పొందిన కిట్‌నే, అనుమతి గల కేంద్రంలోనే బిగించుకోవలెను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇటువంటి మార్పును 14 రోజులలోగా నివాస పరిధిలోని రవాణా కార్యాలయానికి తెలిపి, ఆర్‌సీలో నమోదు చేయించవలెను. బీమా సంస్థకూ తెలియజేయడం తప్పనిసరి. ఆ నమోదు లేకుంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం చిక్కులో పడవచ్చు. స్వగ్రామం నుండి తెచ్చిన ఆంధ్ర, తెలంగాణ రిజిస్ట్రేషను కార్లు 12 నెలలకు మించి ఇక్కడ ఉంటే, కర్ణాటక రిజిస్ట్రేషను సంఖ్య పొందవలెను. అటువంటివారు ముందు ఏ దరఖాస్తు ఇవ్వవలెనో రవాణా కార్యాలయంలో అడిగి, ఆ పిమ్మటే కిట్‌కు సొమ్ము కట్టడం మేలు. ట్యాంకుపై ముద్రించిన పరీక్ష గడువు దాటనీయరాదు.

కిట్ కొనడానికి ముందు ఒక నెలపాటు కారు తిరిగిన దూరాన్ని పుస్తకంలో రాసుకుంటే చాలు. లాభమా, నష్టమా అన్నది ఆ అంకె చెబుతుంది.