నేల మరువని విషము

పారవేయుట యను మాటను మనము నిత్యము వాడుచుందుము. కాని పారవేసిన వస్తువు ఎచ్చటనో ఒకచోట చేరవలసినదే గదా! ఇంటిచెత్తను పెంటకుప్పలో వేసినచో అది ఎరువై పొలమునకు పోవును. మరి కర్మాగారపు మడ్డిని ఆరుబయట కుప్పవోసినచో అది ఎచ్చటికి పోవును? ఈ ప్రశ్నకు రాజస్థానమునందలి బిచ్రీ యను చిన్న గ్రామము తన బావులతో సమాధానము చెప్పినది.

బిచ్రీ ఉదయపూరునకు సమీపమున నున్నది. 1987-88 ప్రాంతమున అచ్చట కొన్ని రసాయన కర్మాగారములు వెలసినవి. వానిలో గాఢ గంధకామ్లముతోపాటు 'హెచ్-ఆసిడ్' అను పదార్థము కూడ తయారయ్యెడిది. బట్టల కద్దు రంగుల తయారీలో నిది యొక ముఖ్య ద్రవ్యము. దీని తయారీవలన మిక్కిలి విషపూరితమైన వ్యర్థములు వెలువడును గనుక పాశ్చాత్యదేశములు ఆ పనిని మానుకొన్నవనియు, అవసరము మాత్రము తీరలేదు గనుక ఆ భారము మనవంటి దేశములపై పడినదనియు సుప్రీంకోర్టు తరువాత తన తీర్పులో గుర్తించెను.

1989లో ఆ తయారీ నిలిచిపోయెను. అంతవరకు అచ్చట తయారైన హెచ్-ఆసిడ్ సుమారు 375 టన్నులు మాత్రమే. మిగిలిన మడ్డియో, 2,440 టన్నులు! వ్యర్థజలము 8,250 ఘనపు మీటర్లు. అనగా ఒక టన్ను సరకు కర్మాగారమునుండి వెడలిపోగా, ఆరున్నర టన్నుల మడ్డి ఆ చుట్టుపట్లనే నిలిచినది. సరకు దూరదేశములకు పోయినది. మడ్డి గ్రామమునకు మిగిలినది.

అంతట వానలు కురిసినవి. పైరునకు ప్రాణమిచ్చు ఆ వాననీరే ఇచ్చట విషమునకు వాహనమైనది. నేల పైకి గట్టిగా కన్పించునే గాని, దాని రేణువుల నడుమ సందులు అసంఖ్యాకములు. కుప్పమీద పడిన చినుకు అందులోని ద్రవ్యములను కరగించుకొని ఆ సందులగుండ క్రిందికి దిగును. ఇసుకనేలలో వడిగను, బంకమట్టిలో మెల్లగను దిగి, తుదకు భూగర్భజలమును చేరును. బంకమట్టి కొన్ని లోహములను పట్టి నిలుపగలదు. కాని దిగివచ్చు నీరు ఆమ్లయుక్తమైనచో ఆ పట్టు సడలి, నిలిచిన లోహములు సైతము మరల కదలును. ఇక నీటిలో సులభముగా కరగు ద్రవ్యములను ఏ మట్టియు ఎక్కువకాలము ఆపజాలదు.

భూగర్భజలము నిలువనీరు కాదు. అదియు పల్లమువైపునకు నడచుచునే యుండును. నదివలె పరుగెత్తదు, పెక్కుచోట్ల దినమునకు కొలది అంగుళములు మాత్రమే కదలును. దానితోడనే విషమును పొగతెరవలె సాగి వ్యాపించును. ఒక రైతు తన బావినుండి నీరు తోడినంతనే చుట్టునున్న నీరు ఆ బావివైపునకు లాగబడును. విషమును దాని వెంటనే వచ్చును. దాహము తీర్చుకొనుటకై తోడిన నీరే శత్రువును ఇంటికి పిలిచినట్లగును.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. అడుగున సన్నని చిల్లులుగల పాత్రలో ఇసుక నింపి, దానిపై ఒక చెంచాడు సిరా పోసి, పిమ్మట గ్లాసుతో కొంచెము కొంచెముగా నీరు పోయవలెను. మొదట రంగునీరు దిగును. తిరిగి తేటనీరు దిగుటకు ఎన్ని గ్లాసులు పట్టినవో విద్యార్థులచే లెక్కింపజేయవలెను. ఇసుకలో కొంత బంకమట్టి కలిపి మరల చేసి చూచినచో, చెడుటకు పట్టిన కాలమునకును బాగుపడుటకు పట్టు కాలమునకును గల అంతరము బాలురకు కండ్లకు కట్టును.

బిచ్రీలో జరిగినదియు నిదియే. బావులలోని నీరును, సమీపమునందలి వాగులలోని నీరును నల్లబడినవి. మనుష్యులు త్రాగుటకు గాని, పశువులకు పెట్టుటకు గాని, పొలమునకు పారించుటకు గాని ఆ నీరు పనికిరాకపోయెను. సుమారు 350 హెక్టార్ల భూమి చెడినది. గ్రామస్థులు తిరుగబడిరి, 144వ విభాగము విధింపవలసివచ్చెను. 1989లోనే ఒక స్వచ్ఛందసంస్థ సుప్రీంకోర్టును ఆశ్రయించెను. వానలు రాకముందే మడ్డిని భద్రముగా పాతిపెట్టుడని 1990లో న్యాయస్థానము ఆజ్ఞాపించెను. విషము వానతోడనే నడచునని న్యాయమూర్తులును గ్రహించిరన్నమాట!

1996 ఫిబ్రవరి 13న తీర్పు వెలువడెను. దానిని వ్రాసినవారు తెలుగువారైన న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డిగారు. చెరిచినవాడే బాగుచేయు ఖర్చు భరింపవలెనను సూత్రమును వారు స్పష్టముగా నిలిపిరి. ఆ ఖర్చు 37.385 కోట్ల రూపాయలని తరువాత లెక్కతేలెను. కాని ధనము చేతికి రాలేదు, నేలయు బాగుపడలేదు. తుదకు 2011 జూలై 18న, ఆ మొత్తమును 1997 నవంబరు మొదలు నూటికి 12 చొప్పున చక్రవడ్డీతో చెల్లింపవలెనని సుప్రీంకోర్టు మరల ఆజ్ఞాపించెను. గణితోపాధ్యాయులు ఈ లెక్కను పిల్లల కీయవచ్చును. అసలు నాలుగున్నర రెట్లు దాటును. ధనమునకు వడ్డీ కట్టుటకు న్యాయస్థాన మున్నది. ఆ యేండ్లలో నేలలోనికి మరింత లోతుగా దిగిన విషమునకు వడ్డీ కట్టిన దెవరు? దూరమునుండి మంచినీరు మోసికొన్న ఆ గ్రామపు స్త్రీలు గారా?

ఇది దూరదేశపు కథ యని మనము నిశ్చింతగా నుండరాదు. తెలంగాణమునందును రాయలసీమయందును నేలక్రింద నున్నది అధికముగా గట్టిరాయి. అచ్చట నీరు రాతిపగుళ్లలో దాగియుండును. పగులులో దిగిన విషమును వడగట్టుటకు ఇసుకయు లేదు, మట్టియు లేదు. అది ఏ బావిలో తేలునో ముందుగా చెప్పుట కష్టము. పటాన్‌చెరు ప్రాంతపు కర్మాగారముల వ్యర్థజలముల వివాదమును 1990లోనే సుప్రీంకోర్టుకు చేరినది.

ఊరిబావి యొక యింటివారిది కాదు, ఒక తరమువారిదియు కాదు. మన తాతలు త్రవ్విన బావినీటిని మన మనుమలు త్రాగవలసియున్నది. బడికి పోవు త్రోవలో ఎచ్చటనైన రంగుమారిన మడ్డికుప్ప కన్పించినప్పుడు, "ఇది వానలో ఎచ్చటికి పోవును?" అని ఒక విద్యార్థి అడిగినచో, ఆ ప్రశ్నను ఉపాధ్యాయుడు త్రోసిపుచ్చరాదు. బిచ్రీలో ఆ ప్రశ్నను మొదటి వానకు ముందే అడిగి, సమాధానము రాబట్టియున్నచో, ఆ బావులు నేటికిని తేటగా నుండెడివి.