గోన గన్నారెడ్డి: నవలలో చరిత్ర ఎంత.. కల్పన ఎంత?

పెద్దపల్లి: గోన గన్నారెడ్డి అనగానే చాలామందికి 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమా, అందులో అల్లు అర్జున్ గుర్తొస్తారు. కానీ తెలుగు పాఠకులకు ఆ గజదొంగ అంతకు చాలా ముందే తెలుసు. అడివి బాపిరాజు (1895-1952) రాసిన ‘గోన గన్నారెడ్డి’ నవల ఇప్పటికీ థ్రిల్లర్‌లా చదివిస్తుంది.

మరి అందులో ఏది నిజం? రుద్రమదేవి, ఆమె తండ్రి గణపతిదేవుడు, గోన వంశం శాసనాల్లో ఉన్నవాళ్లే. రుద్రమ ‘రుద్రదేవ మహారాజు’ అనే మగ పేరుతో పాలించిందన్నదీ శాసనాల మాటే. గన్నారెడ్డి బందిపోటు సాహసాలు, ప్రేమకథ మాత్రం చాలావరకు రచయిత ఊహ.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. శాసనం ఎవరు ఏ గుడికి ఎంత భూమి ఇచ్చారో, ఏ తేదీన ఇచ్చారో చెబుతుంది. కోటలో ఎవరు ఎవరిపై కుట్ర పన్నారో చెప్పదు. ఆ ఖాళీలోనే నవలా రచయిత కథ అల్లుతాడు.

ఒక్కోసారి శాసనమే థ్రిల్లర్‌ని మించిపోతుంది. నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు ఇద్దరూ చనిపోయారని చెబుతోంది. ఎలా పోయారో రాయలేదు! యుద్ధంలోనే అని చరిత్రకారుల అంచనా. ఈ శాసనం బాపిరాజు పోయిన తర్వాతే వెలుగులోకి వచ్చింది.

కాకతీయుల ఆనవాళ్లు మన జిల్లాలోనూ ఉన్నాయి. గణపతిదేవుడి పాలన తొలినాళ్ల శాసనం, 1199 నాటిది, మంథనిదే. ఇక రామగిరి ఖిల్లా ఎక్కినవాళ్లకైతే నవలలోని కోటలు ఇట్టే కళ్లకు కడతాయి.