బిట్‌కాయిన్‌లో ‘అనాథ బ్లాకులు’ అంటే ఏంటి? డబ్బు తీసుకునేవాళ్లు ఎందుకు ఆగాలి?

బిట్‌కాయిన్ మైనింగ్‌లో ఒక్కోసారి విచిత్రం జరుగుతుంది. మెషీన్లు లెక్క సరిగ్గానే తేలుస్తాయి, కరెంటు బిల్లూ పడుతుంది, కానీ మైనర్ చేతికి పైసా రాదు. అతను తయారు చేసిన బ్లాకులో తప్పేమీ లేకపోయినా నెట్‌వర్క్ దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఇలా మిగిలిపోయినవే ఆర్ఫన్ బ్లాకులు, అంటే అనాథ బ్లాకులు.

ఎలా జరుగుతుంది?

బిట్‌కాయిన్ లెక్కలను ఒక పెద్ద ఖాతా పుస్తకం అనుకోండి. ఒక్కో బ్లాకు ఒక్కో పేజీ. సగటున 10 నిమిషాలకు ఒక కొత్త పేజీ చేరుతుంది. ఆ పేజీ రాయడానికి ప్రపంచమంతా మైనర్లు పోటీ పడతారు. గెలిచినవారికి 2024 ఏప్రిల్ నుంచి 3.125 బిట్‌కాయిన్లు, వాటితోపాటు లావాదేవీల ఫీజులు దక్కుతున్నాయి.

ఇద్దరు మైనర్లు కొన్ని సెకన్ల తేడాతో గెలిస్తే చిక్కు మొదలవుతుంది. కొన్ని కంప్యూటర్లకు ముందు ఒకరి బ్లాకు అందుతుంది, మిగతావాటికి రెండోవారిది అందుతుంది. కాసేపు పుస్తకానికి రెండు చివరి పేజీలుంటాయి. తర్వాతి బ్లాకు దేని మీద ముందుగా చేరితే ఆ గొలుసులో ఎక్కువ పని జరిగినట్టు లెక్క. అందరూ అటే వెళ్తారు, రెండో బ్లాకు అనాథ అవుతుంది.

నిజానికి ఈ పేరు అంత సరైంది కాదు. ఆ బ్లాకుకు ముందున్న బ్లాకు, అంటే తల్లి, ఉంటుంది. లేనిది దాని వెనక వచ్చే సంతానమే. అందుకే నిపుణులు దీన్ని ‘స్టేల్ బ్లాక్’ అంటారు.

అందులోని డబ్బు పోతుందా?

పోదు. ఆ బ్లాకులోని మామూలు లావాదేవీలు చాలావరకు గెలిచిన బ్లాకులో కూడా ఉంటాయి. లేనివి మళ్లీ క్యూలోకి వెళ్లి తర్వాతి బ్లాకుల్లో చేరతాయి. మాయమయ్యేది మైనర్ బహుమతి మాత్రమే. ఈ కారణంగానే కొత్తగా పుట్టిన బిట్‌కాయిన్లను 100 బ్లాకులు దాటే వరకు ఖర్చు పెట్టడం కుదరదు.

2013లో ఏం జరిగింది?

మామూలుగా ఇది ఒక్క బ్లాకుతో తేలిపోతుంది. 2013 మార్చిలో మాత్రం పెద్ద గందరగోళమే అయింది. అప్పట్లో కొందరు 0.8 అనే కొత్త సాఫ్ట్‌వేర్ వాడుతుంటే, మిగతావారు పాతదానితోనే ఉన్నారు. ఒక పెద్ద బ్లాకును కొత్తది ఒప్పుకుంది, పాతవాటిలో కొన్ని ఒప్పుకోలేదు. దాంతో గొలుసు రెండుగా చీలి, కొన్ని గంటలపాటు అలాగే నడిచింది.

కొత్త వెర్షన్ వైపే ఎక్కువ మైనింగ్ బలం ఉంది. కానీ పాత సాఫ్ట్‌వేర్ ఆ గొలుసును ఎప్పటికీ ఒప్పుకోదు. అందుకే డెవలపర్లు పెద్ద మైనింగ్ పూల్స్‌ను పాత వెర్షన్‌కు రమ్మని కోరారు. బీటీసీ గిల్డ్ లాంటి పూల్స్ తమ బహుమతులు పోతాయని తెలిసీ ఒప్పుకున్నాయి. సుమారు 24 బ్లాకులు రద్దయ్యాయి. అప్పట్లో ఒక్కో బ్లాకుకు 25 బిట్‌కాయిన్లు వచ్చేవి.

ఆ గంటల్లోనే ఒకరు దాదాపు 10 వేల డాలర్ల విలువైన బిట్‌కాయిన్లను రెండుసార్లు ఖర్చు పెట్టి చూపించారు. మోసం కోసం కాదు, ఇలా చేయడం సాధ్యమేనా అని పరీక్షించడానికి. సాధ్యమేనని తేలిపోయింది.

మనం గుర్తుంచుకోవాల్సింది

బిట్‌కాయిన్‌లో చెల్లింపు తీసుకుంటున్నప్పుడు ‘పంపేశాను’ అనే స్క్రీన్‌షాట్ చూసి సరుకు ఇచ్చేయకండి. ఒక్క కన్ఫర్మేషన్ వచ్చినా, ఆ బ్లాకు అనాథ అయ్యే అవకాశం కొంచెం ఉంటుంది. పెద్ద మొత్తమైతే 6 కన్ఫర్మేషన్లు, అంటే దాదాపు గంటసేపు ఆగడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. తేడా వస్తే వెనక్కి ఇప్పించడానికి ఇక్కడ బ్యాంకు మేనేజర్ ఉండడు.

అలాగే ‘బ్లాకు అనాథ అయింది, మీ డబ్బు పోయింది, మళ్లీ ఫీజు కట్టండి’ అని ఎవరైనా అంటే నమ్మకండి. ముందే చెప్పుకున్నట్టు, బ్లాకు పోతే లావాదేవీ మళ్లీ క్యూలోకి వస్తుంది. దాని కోసం ఎవరికీ విడిగా డబ్బు కట్టాల్సిన పని లేదు.